మఖ కార్తెలో దొరికిన దోమ: సికింద్రాబాద్ ఎండలు, వానలు, మన చలిజ్వరం చరిత్ర

మన సంఘం పిల్లలు ఇప్పుడు చాలామంది సికింద్రాబాద్ చుట్టుపక్కలే ఉంటున్నారు. కొందరు హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నారు, కొందరు ఉద్యోగాల్లో కుదురుకున్నారు. బేగంపేట మీదుగా రోజూ పోయివచ్చేవాళ్లు కూడా ఎక్కువే. పాత విమానాశ్రయానికి దగ్గర్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఒక పాత భవనం ఉంది. సర్ రొనాల్డ్ రాస్ పరాన్నజీవుల పరిశోధన సంస్థ అని దాని పేరు. మలేరియా జ్వరం దోమలో ఎలా పెరుగుతుందో 1897 ఆగస్టు 20న మొదటిసారి కనిపెట్టింది అక్కడే. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఈ తేదీ, రాస్ పేరు నోటికి వచ్చే ఉంటాయి. ఆ తేదీ వెనక ఉన్న ఎండ సంగతి, వాన సంగతి, పురుగు సంగతి పరీక్షల్లో అడగరు. ఈ ప్రత్యేక సంచికలో మేము వాటి గురించే రాయదలచుకున్నాం. ఎందుకంటే కనిపెట్టింది కంటోన్మెంట్‌లోనే అయినా, ఆ జ్వరం ఎక్కువ కాలం కాపురం ఉన్నది మన గూడేల్లో, తండాల్లో, పెంటల్లో.

ముందు పురుగుల సంగతి చెప్పుకుందాం. మైదానపు రైతు కాలాన్ని కార్తెలతో లెక్క పెడతాడు. మే చివర రోహిణి, జూన్ రెండో వారంలో మృగశిర, ఆ తర్వాత ఆరుద్ర. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. మన పెద్దలకూ ఈ కార్తెలు తెలుసు. అయితే వాళ్లు పంచాంగం కంటే ముందు నేలను, చెట్టును, పురుగును చూస్తారు. తొలకరి పడిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. దీపం పెట్టి, కింద నీళ్ల గిన్నె ఉంచి వాటిని పట్టి, వేయించుకుని తిన్న రుచి మా తరం వాళ్లకు ఇంకా గుర్తుంది. నేల లోపలికి తడి దిగితేనే ఉసిళ్లు బయటికి వస్తాయి. పైపైన చినుకులు పడితే రావు. అందుకే ఉసిళ్లు లేచాయంటే విత్తనాలు సర్దుకోవచ్చని పెద్దలు అనేవాళ్లు. తర్వాత ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కలా ఆరుద్ర పురుగు నేల మీద పాకుతుంది. (కాళ్లు లెక్కపెడితే ఎనిమిది ఉంటాయి. కాబట్టి శాస్త్రజ్ఞులు దాన్ని సాలీడు, గోమారి వర్గంలో వేస్తారు. మనకు మాత్రం అది పురుగే.) ఉసిళ్లు, ఆరుద్ర పురుగు వస్తే అందరికీ సంతోషం. వాటి వెనకే దోమ కూడా వస్తుంది. దాన్ని ఎవరూ పండుగ చేసుకోరు.

వానలు పడ్డాక జ్వరాలు వస్తాయన్న సంగతి ఎవరూ కొత్తగా కనిపెట్టలేదు. లంబాడీలు ఆషాఢంలో సీత్లా భవానిని కొలిచేది పశువులు, పిల్లలు రోగాల పాలు కాకుండా ఉండాలనే. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల వెనక కూడా ఇలాంటి కథే చెప్తారు. 1813లో ఊళ్లో కలరా చెలరేగితే, అప్పుడు ఉజ్జయినిలో సైన్యంలో ఉన్న సురిటి అప్పయ్య అమ్మవారికి మొక్కుకున్నాడని, తిరిగివచ్చాక ఇక్కడ గుడి కట్టాడని ఆ కథనం. వానాకాలం మొదలవుతుంటే అమ్మవారిని తలచుకోవడం అటు కొండలోనూ ఉంది, ఇటు పట్నంలోనూ ఉంది. వానకూ జ్వరానికీ సంబంధం ఉందని అందరికీ తెలుసు. రెండింటినీ కలిపేది ఏదన్నది మాత్రం తెలియదు. చిత్తడి నేలల నుంచి లేచే చెడుగాలి అని దొరలు అనుకున్నారు. మలేరియా అన్న ఇటాలియన్ మాటకు అర్థమే చెడుగాలి.

సికింద్రాబాద్ అప్పటికే పెద్ద దండు. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద ఏర్పడిన ఈ ఊళ్లో తిరుమలగిరి, బొల్లారం, బేగంపేట అంతా పటాలాల మయం. సిపాయిలకు చలిజ్వరం వస్తే అది సర్కారుకు నష్టం. రాస్‌కు ఇక్కడ పని దొరికింది అందుకే. ఆయన పుట్టింది 1857 మే 13న అల్మోరాలో, అంటే మీరట్‌లో తిరుగుబాటు మొదలైన మూడో రోజున. 1895లో 19వ మద్రాసు పదాతి దళానికి వైద్యుడిగా సికింద్రాబాద్ వచ్చాడు. రోగి రక్తంలో మలేరియా క్రిమి ఉంటుందని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే అల్జీరియాలో చూశాడు. ఆ క్రిమి దోమలోకి పోతుందేమోనని లండన్‌లో మాన్సన్ అనే వైద్యుడికి అనుమానం. దోమ నీళ్లలో చచ్చిపోతే, ఆ నీళ్లు తాగినవాడికి జ్వరం వస్తుందని మాన్సన్ ఊహ. దాన్ని పరీక్షించడానికి రాస్ ఇక్కడి మనుషులతో దోమలు చచ్చిన నీళ్లు తాగించాడు కూడా. ఈ సంగతి మాత్రం మీరు మరిచిపోవద్దు. ఆ రోజుల్లో బీదవాడి ఒంటి మీద ప్రయోగం చేయడానికి చేతిలో నాలుగు డబ్బులు పెడితే చాలు.

రెండేళ్లు గడిచినా రాస్‌కు ఏమీ దొరకలేదు. ఇక్కడే ఎండ, వానల పాత్ర వస్తుంది. దండులో తొట్లు, కుండలు, మురుగు కాలువలు ఎప్పుడూ ఉండేవి. వాటిలో పెరిగే బూడిద రంగు దోమ, ఒంటి మీద తెల్లని చారలుండే దోమ ఏడాది పొడుగునా దొరికేవి. రాస్ వందలకొద్దీ వాటినే పట్టి, రోగుల మీద వదిలి, కోసి చూశాడు. అవి మలేరియాను మోసే జాతులు కావు. మలేరియాను మోసేది మచ్చల రెక్కల దోమ. అనాఫిలిస్ అంటారు. దానికి మురుగు నచ్చదు. వాననీటి గుంట, వాగు అంచు, బావి, చెరువు గట్టు, వరి మడి లాంటి చోట్ల గుడ్లు పెడుతుంది. ఎండాకాలం దండులో అది చాలా అరుదు.

1896 నుంచి 97 వరకు దేశంలో పెద్ద కరువు. బుందేల్‌ఖండ్ దగ్గర మొదలై మధ్య పరగణాలు, బొంబాయి, మద్రాసు ప్రాంతాల మీదుగా హైదరాబాద్ సంస్థానం దాకా పాకింది. ఆ కరువు ఏడాదిలోనే రాస్ సెలవు పెట్టి నీలగిరికి పోయాడు. ఊటీ కింద సిగూరు లోయలో తనకే మలేరియా తగిలింది. జూన్‌లో సికింద్రాబాద్ తిరిగి వచ్చాడు. ఆగస్టులో మళ్లీ ఎండ ముదిరింది. దక్కన్‌లో వానలు వారం పది రోజులు మొఖం చాటేస్తే శ్రావణ మాసంలో కూడా ఎండ వైశాఖంలా కాస్తుంది, మనం చూస్తూనే ఉంటాం. తన జ్ఞాపకాల పుస్తకంలో రాస్ ఆ రోజులను వివరంగా రాసుకున్నాడు. చిన్న చీకటి గది. వరండా చూరు కింది నుంచి వచ్చే కొద్దిపాటి వెలుతురు. కోసిపెట్టిన దోమలు గాలికి ఎగిరిపోతాయని పంకా లాగనిచ్చేవాడు కాదు. దాంతో ఈగలు, కళ్లల్లో చెవుల్లో దూరే నుసుములు ఆయన్ని పీక్కుతినేవి. చారల దోమ కూడా వచ్చి కుట్టిపోయేది. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క కంటి అద్దం కూడా పగిలింది. పురుగు కోసం కూర్చున్న మనిషిని మిగతా పురుగులన్నీ పట్టుకున్నాయన్నమాట.

అప్పుడు ఇద్దరు స్థానికుల సాయంతో కథ మలుపు తిరిగింది. గోడ మీద వాలిన ఒక చిన్న దోమను ఆసుపత్రి సహాయకుడు చూపించాడు. మిగతా దోమలు గోడకు సమాంతరంగా కూర్చుంటే, ఇది తోక పైకెత్తి కూర్చుంది. చెదురుమదురు మచ్చల రెక్కలు. ఆ సహాయకుడి పేరు మరిచిపోయానని, అందుకు విచారిస్తున్నానని రాస్ తర్వాత రాసుకున్నాడు. ఆ జాతి పిల్ల పురుగులను కూడా తెప్పించి పెంచితే పది పన్నెండు దోమలు లేచాయి. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి తన ఒంటిని వాటికి అప్పగించాడు. ఒక్కో దోమకు ఒక అణా కూలి. ఆయన పేరైనా చరిత్రలో నిలిచింది. నాలుగో రోజు, ఆగస్టు 20న, రాస్ ఒక దోమను కోసి దాని పొట్ట గోడలో గుండ్రటి కణాలు చూశాడు. వాటిలో నల్లటి రేణువులు ఉన్నాయి. అవి మలేరియా క్రిమికి గుర్తు. మర్నాడు ఇంకో దోమను కోస్తే ఆ కణాలు కొంచెం పెద్దవయ్యాయి. అంటే లోపల పెరుగుతున్నాయి. అదే ఏడాది డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ సంగతి అచ్చయింది. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఆగస్టు 20 అంటే మఖ కార్తె. మన తెలుగులో ఒక సామెత ఉంది: మఖలో పుట్టి పుబ్బలో పోయినట్టు. పట్టుమని పదిరోజులు బతకని దాని గురించి అలా అంటాం. ఒక కార్తె సుమారు 13, 14 రోజులు. అసలు విషయమంతా ఈ లెక్కలోనే ఉంది. దోమ ఒక రోగిని కుట్టాక, ఆ క్రిమి దాని పొట్టలో పెరిగి లాలాజల గ్రంథుల దాకా చేరడానికి మన వాతావరణంలో సుమారు పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ లోపల దోమ చచ్చిపోతే ఎవరికీ జ్వరం రాదు. మఖలో పుట్టి పుబ్బలో పోయే దోమ వల్ల మనకు ప్రమాదం లేదు. పుబ్బ దాటి బతికిన దోమే జ్వరాన్ని పంచుతుంది.

దోమ ఎన్నాళ్లు బతుకుతుందన్నది ఎండా వానా తేలుస్తాయి. రోహిణి ఎండల్లో గాలిలో తడి ఉండదు. దోమ ఒంట్లో నీరు ఆవిరై రోజుల్లో చస్తుంది. వాన పడ్డాక గాలి తేమగా ఉంటుంది, దోమ వారాల తరబడి బతుకుతుంది. కాబట్టి గుంటల్లో నీళ్లు నింపి దోమను పుట్టించడం వాన చేసే పనిలో సగమే. దాని ఆయుష్షు పెంచడం మిగతా సగం. చలి బాగా ముదిరితే దోమ బతికే ఉన్నా దాని కడుపులో క్రిమి ఎదగదు. అందుకే మన ఊళ్లలో జ్వరాలు జులై నుంచి నవంబరు దాకా ఎక్కువ, మాఘ మాసానికి తగ్గుముఖం.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. వాన ఎక్కువైతే దోమలు ఎక్కువ, కరువైతే తక్కువ అనుకుంటే పొరపాటు. కుండపోత వాన వాగుల్లో గుడ్లను, పిల్ల పురుగులను కొట్టుకుపోయేలా చేస్తుంది. వాన ఆగి, వాగు పారకం తగ్గి, అక్కడక్కడ మడుగులు మిగిలినప్పుడే దోమకు పండుగ. దీనికి అన్నిటికన్నా ఘోరమైన ఉదాహరణ సింహళంలో జరిగింది. 1934లో అక్కడ నైరుతి వానలు ముఖం చాటేశాయి. ఎప్పుడూ నిండుగా పారే నదులు ఎండి మడుగులయ్యాయి. ఆ మడుగుల్లో అనాఫిలిస్ కులిసిఫాసిస్ అనే దోమ విపరీతంగా పెరిగింది. మన మైదానాల్లో మలేరియా మోసే ముఖ్యమైన దోమ కూడా ఇదే. 1935 లోపల అక్కడ సుమారు 80 వేల మంది చనిపోయారు. కరువు తెచ్చిన జ్వరం అది. తిండి లేక నీరసించిన ఒంటికి జ్వరం తోడైతే ఏమవుతుందో పంజాబ్‌లో క్రిస్టోఫర్స్ అనే వైద్యుడు 1911లోనే రాశాడు. వానల లెక్కతో పాటు ధాన్యం ధరల లెక్క కూడా చూస్తేనే మలేరియా చావులు అర్థమవుతాయని తేల్చాడు. వైద్యుడు ధాన్యం ధర చూడటం మాకు చాలా నచ్చిన విషయం.

మన కొండల్లో లెక్క ఇంకొంచెం వేరు. తూర్పు కనుమల్లో, గోదావరి లోయలో ఫ్లూవియాటిలిస్ అనే ఇంకో జాతి ఉంది. సన్నగా, తేటగా పారే కొండవాగు అంచుల్లో గడ్డి మొదళ్ల దగ్గర గుడ్లు పెడుతుంది. పెద్ద వానలు తగ్గి, ఊట వాగులు తేటపడ్డాక అది విజృంభిస్తుంది. ఆ వాగు మీదే మన ఊరు బతుకుతుంది. తాగేదీ, గొడ్లను కడిగేదీ అక్కడే. మన్యపు జ్వరం అని మైదానం వాళ్లు పేరు పెట్టింది దీనికే.

ఆ జ్వరం మన చరిత్రలో కావలివాడి వేషం కూడా వేసింది. 1879-80 రంప తిరుగుబాటును అణచడానికి కొండెక్కిన పోలీసులు, సిపాయిలు జ్వరాలతో మంచం పట్టారు. మైదానం వాళ్లు చాలాకాలం ఏజెన్సీలో రాత్రి నిద్ర చేయడానికే భయపడ్డారు. నేపాల్, ఉత్తర భారతం సరిహద్దుల్లోని తరాయి అడవుల్లో థారూలకు కూడా ఇదే అనుభవం. డీడీటీ వచ్చి దోమ తగ్గాక అక్కడికి బయటివాళ్లు తండోపతండాలుగా వచ్చి భూములు పట్టుకున్నారు. మన దగ్గర భూములు పోవడానికి రోడ్లు, అప్పులు, పట్టాల మోసాలు లాంటి కారణాలు చాలా ఉన్నాయి. జ్వరం భయం పోవడం కూడా వాటిలో ఒకటని మా అభిప్రాయం. అలాగని జ్వరమే మేలన్నట్టు మాట్లాడేవాళ్లతో మేము ఏకీభవించం. బయటివాణ్ణి భయపెట్టిన జ్వరం మన ఉయ్యాలలను కూడా ఖాళీ చేసింది.

అది మన రక్తంలోనే గుర్తు మిగిల్చింది. సికిల్ సెల్ లక్షణం తల్లి వైపు నుంచో తండ్రి వైపు నుంచో ఒక్క వైపే వస్తే, ఆ బిడ్డకు తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. అందుకే తరతరాలుగా మలేరియా ఉన్న చోట ఆ లక్షణం నిలబడింది. ఇద్దరి వైపు నుంచీ వస్తే మాత్రం బిడ్డకు జీవితాంతం బాధే. నీలగిరి ఆదివాసుల్లో ఈ లక్షణాన్ని 1952లో గుర్తించారు. తర్వాత మన గోండు, కోయ తదితర తెగల్లోనూ కనిపించింది. 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆదివాసీ ప్రాంతాల్లో ఉచితంగా రక్త పరీక్ష చేస్తున్నారు. పెళ్లికి ముందు చేయించుకోవడానికి సిగ్గు పడాల్సిన పనేమీ లేదు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలై, 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. అయిపోయిందనుకున్నారు. దోమ మందుకు అలవాటు పడింది, క్రిమి మాత్రకు అలవాటు పడింది, సర్కారు పట్టు సడలింది. 1976లో మళ్లీ 64 లక్షల కేసులు. ఇప్పుడు తెలంగాణలో, ఆంధ్రలో చాలా తగ్గింది. అయినా మిగిలిన కొద్దిపాటి జ్వరం ఎక్కువగా మన ఊళ్లలోనే మిగిలింది. భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు, పాడేరు వైపు నుంచి వచ్చిన పిల్లలకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

రాస్ మాత్రం ఆ సెప్టెంబరులోనే సికింద్రాబాద్ వదలాల్సి వచ్చింది. పని నడుస్తుండగా బదిలీ. వేసింది రాజపుతానాలోని ఖేర్వాడాకు. అది భిల్లుల దేశం, మేవాడ్ భిల్ పటాలానికి కేంద్రం. అక్కడ ఆయనకు సరిపడా మలేరియా రోగులే దొరకలేదు. 1898లో కలకత్తా చేరి, పక్షుల మలేరియా మీద పని చేసి, క్రిమి దోమ నోటి నుంచే వస్తుందని రుజువు చేశాడు. మనుషుల్లో అదే సంగతిని ఇటలీలో గ్రాసీ బృందం తేల్చింది. ఇద్దరి మధ్య గొడవ చాలా ఏళ్లు నడిచింది. దాని జోలికి ఇక్కడ పోవడం లేదు.

ఇప్పటి సికింద్రాబాద్‌లో ఉన్నవాళ్లు ఒక సంగతి గమనించాలి. రాస్ పనికిరాదని పక్కన పెట్టిన, ఆ చీకటి గదిలో ఆయన్ని కుట్టిన చారల దోమే నేడు నగరంలో డెంగీని మోస్తోంది. దానికి వాగు అక్కర్లేదు. డ్రమ్ము, కూలర్, పాత టైరు, పూలకుండీ పళ్లెం చాలు. దాని గుడ్లు నెలల తరబడి పొడిగా ఉండి కూడా చావవు, నీళ్లు తగిలిన రోజున లేస్తాయి. ఎండాకాలం నీళ్ల కటకట వచ్చినప్పుడు హాస్టల్ మేడ మీద మూత లేని డ్రముల్లో నీళ్లు పట్టి పెడతాం. వాన లేకుండానే దోమకు చెరువు తవ్వినట్టు. మూత వేసి, వారానికి ఒకసారి తొట్టి ఖాళీ చేసి, గోడలు గట్టిగా రుద్ది కడిగితే గుడ్లు పోతాయి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టే ఆ వారం లెక్క.

ఈ వేసవి సెలవుల్లో ఊరికి పోయినప్పుడు తాతలను, అవ్వలను అడిగి ఒక పని చేయండి. తొలకరికి ముందు ఏ పురుగు కనిపిస్తుంది, తర్వాత ఏది వస్తుంది, ఏ పురుగు వస్తే వాన ఖాయమంటారు, ఏది తగ్గితే జ్వరాలు తగ్గుతాయంటారు, వాటికి గోండిలో, కోయలో, గోర్ బోలిలో, మీ ఇంటి భాషలో ఏం పేరు పెట్టారు? చెప్పినవాళ్ల పేరు, ఊరు తప్పకుండా రాయండి. పంపితే వచ్చే సంచికలో వాళ్ల పేర్లతోనే వేస్తాం.